మూలల పసుపు

ముందు చప్పుడు వినిపించింది. మనిషి తర్వాత కనిపించింది.

టప్. టప్. టప్. అట్ట మీద అట్ట వాలుతున్న చప్పుడు. పేక కలిపే చేతుల్లో ఉండే తొందర దానికి లేదు. ఒక టప్‌కీ ఇంకో టప్‌కీ మధ్య, ఎవరి ముఖమో ఒకసారి చూసి, కాదనుకుని, నొప్పి కలగకుండా పడుకోబెట్టినంత ఖాళీ ఉంది.

1987 అక్టోబరులో ఒక శనివారం. నేను అమెరికాలో క్యారీ అనే ఊరికి వచ్చి ఏడాది కూడా కాలేదు. రాలీ బయట పాత పొగాకు గోదాముల్లో ఒకదానిలో వాడిన కుర్చీలు చవగ్గా అమ్ముతున్నారంటే బయల్దేరి, ఒక తలుపు తప్పి పక్క గోదాములోకి వెళ్లాను. లోపల వందమంది మగవాళ్లు తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. ఏదో ప్రార్థన మధ్యలోకి వచ్చాననుకుని కాళ్లు దగ్గరపెట్టుకుని నిలబడ్డాను. తర్వాత చూస్తే అందరి ముందూ బల్లలు, బల్లల మీద పొడుగాటి అట్టపెట్టెలు, వాటి నిండా అరచేయంత లేని రంగు బొమ్మల కార్డులు. బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు. ఒకప్పుడు బబుల్‌గమ్ పొట్లంలో కలిపి అమ్మినవి. ఇప్పుడు వాటికి భూతద్దాలు, ప్లాస్టిక్ తొడుగులు, తాళం వేసిన గాజుపెట్టెలు.

నాకిక్కడ పనిలేదని వెనక్కి తిరుగుతూ బల్ల కోడుకి మోకాలు కొట్టుకుని "అబ్బా" అన్నాను.

"అబ్బా అన్నావు గనక చెప్తున్నా. ఎడంపక్క వైరుంది, కాలు చూసుకో," అంది ఒక గొంతు, బల్ల కింద నుంచి.

వంగి చూశాను. జామరంగు నేతచీర, దానిమీద మగవాళ్ల స్వెట్టరు, కాళ్లకి తెల్ల టెన్నిస్ బూట్లు. యాభై దాటి ఉంటాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న మడతపీట మీద కూర్చుని, బల్ల కింది పెట్టెలో రెండు చేతులూ పెట్టుకుని ఉన్నారు. టప్, టప్. తల ఎత్తలేదు. వేళ్లు ఆగలేదు. ఆ వేళ్లని చూస్తూ నేను కుర్చీ సంగతి మర్చిపోయాను. ఒక్కో కార్డునీ బొటనవేలు పైకి తోసేది, చూపుడువేలు వెనక్కి వంచేది. ఆ వంపులో నాలుగు మూలలూ ఒక్కసారి వెలుతురు తాగి మళ్లీ చీకట్లో పడుకునేవి. నిమిషానికి నలభై ముఖాలు. ఏ ముఖమూ ఆవిడ చూడటం లేదని నాకు కాసేపటికి గానీ తెలియలేదు. మూలలే చూస్తున్నారు.

ఆవిడ శశికళ గారు. డర్హమ్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పని. మనిషి ఒంట్లోంచి తీసిన ముక్కని ఉల్లిపొరంత పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి, దానికి రంగులు పట్టించి డాక్టర్లకి ఇవ్వటం. ఇరవై ఏళ్లుగా అదే పని. ఏ రంగు దేనికి పట్టుకుంటుందో, ఏది కడిగితే పోతుందో, ఏది పోయినట్టు కనిపించి లోపల దాక్కుంటుందో ఆవిడకి తెలుసు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు తెలిసిందల్లా, గోదాములో అందరూ కోరుకునే కార్డుల్ని ఆవిడ వద్దనుకుంటున్నారని. ఆ లోకంలో కార్డు విలువంతా మూలల్లోనే ఉంటుంది. మూల చాకులా ఉంటే గాజుపెట్టెలోకి వెళ్తుంది, మెత్తబడితే బల్ల కిందికి పోతుంది. బల్ల కింది పెట్టెలో ఏది తీసినా పావు డాలరు. శశికళ గారు దాన్ని పావలా డబ్బా అనేవారు.

ఆ బల్ల హోలిస్ అనే ముసలాయనది. ఒకప్పుడు ఆ గోదాములోనే పొగాకు బేళ్లు మోసినవాడట. ఆయన టోపీ వెనక్కి తోసుకుని నాతో ఫిర్యాదు చేశాడు. ఈవిడ నా దగ్గరికి పదేళ్లుగా వస్తోంది, మూలలు చూస్తుంది, మంచివన్నీ తిరిగి పెట్టేస్తుంది, చెడినవే కొంటుంది, ఇలాంటి గిరాకీ ఇంకో ఇద్దరుంటే నేను కోటీశ్వరుణ్ణి అన్నాడు. శశికళ గారు పెట్టెలోంచి తల ఎత్తకుండానే, నీ సరుక్కి ఇంకెవరొస్తారు అని ఇంగ్లీషులో అన్నారు. ఆయనకి ఆ మాట వినటం అలవాటులా ఉంది.

అప్పుడు వేళ్లు ఆగాయి.

ఆవిడ ఒక కార్డు పైకి తీశారు. ఎవరో బక్కపల్చని ఆటగాడు, భుజం మీద బ్యాటు. కుడిపక్క మూలలో ఒక పసుపుపచ్చని నీడ. పాతకాగితం అలాగే ఉంటుంది కదా అనుకున్నాను. ఆవిడ పావు డాలరు బిళ్ల బల్ల మీద పెట్టి, లేచి, గోదాము చివర కిటికీ దగ్గరికి నడిచారు. నేనెందుకో వెంట వెళ్లాను. హ్యాండ్‌బ్యాగులోంచి కంటిమందు సీసా తీశారు. పళ్లపుల్ల కొనని అందులో ముంచి, ఆ మూలకి తాకించారు. తాకిందో లేదో.

మూల ఎర్రబడింది.

పచ్చటి నీడలోంచి ఎరుపు పైకి లేచింది. నిద్రలో పిల్ల బుగ్గకి వెచ్చదనం వచ్చినట్టు మెల్లగా, అంచు నుంచి లోపలికి వచ్చింది.

"పసుపే," అన్నారు శశికళ గారు. "పసుపులో సున్నం కలిస్తే పారాణి అవుతుందిగా. ఇక్కడ సున్నమెక్కడ తెస్తాను? వంటసోడా నీళ్లు."

ఇంకో చిన్న సీసాలో నిమ్మరసం ఉంది. అది తగిలించగానే ఎరుపు మళ్లీ పసుపులోకి తిరిగిపోయింది. ఆవిడ కార్డుని రవికెగుడ్డలో చుట్టి బ్యాగులో పెట్టుకున్నారు. తర్వాత నావైపు చూసి, ఇక్కడ పులిహోర తినే మనిషి నువ్వొక్కదానివే కనిపిస్తున్నావు, రా, అన్నారు.

ఆ చలికాలమంతా నేను ఆవిడ వెంట తిరిగాను. గ్రీన్స్‌బరోలో హోటల్ హాలు, బర్లింగ్టన్‌లో అగ్నిమాపక కేంద్రం, డర్హమ్‌లో ఒక చర్చి భోజనశాల. నెలకి రెండు శనివారాలు. ఆవిడ పీట మీద, నేను నేలమీద. చేతులు పెట్టెలో ఉండగా మాటలు వచ్చేవి. అలా ముక్కలు ముక్కలుగా విన్నదాన్ని ఇక్కడ వరసలో పెడుతున్నాను.

ఆవిడ భర్త రామమోహన్ గారు బట్టల మిల్లుల పరిశోధనలో పనిచేసేవారు. ముందు ఆయన వచ్చారు, రెండేళ్లకి, 1966 మే నెలలో, ఆవిడ. రాలీలో ఒకటే గది, ఒకటే కిటికీ. ఆయనకి అప్పట్లో స్నేహితులు లేరు, రేడియో ఉంది. రేడియోలో బేస్‌బాల్. ఆటంటే ఏమిటో తెలియని భార్యకి ఆయన దాన్ని నేర్పిన తీరు ఇది. చాప మీద దుప్పటి పరిచేవారు. గమ్ పొట్లాల్లో వచ్చిన కార్డుల్లోంచి తొమ్మిదింటిని తీసి, మైదానంలో తొమ్మిదిమంది ఎక్కడ నిలబడతారో అక్కడ పెట్టేవారు. రేడియోలో మనిషి చెబుతుంటే ఆయన వేలితో చూపించేవారు. బంతి ఇటు పోయింది, వీడు పరిగెత్తాడు, వాడు విసిరాడు. ఆవిడకి అమెరికా ఇంగ్లీషు అలాగే వచ్చింది. ఆ తొమ్మిదిమందీ పేరున్నవాళ్లు కారు. పేరున్నవాళ్ల కార్డులు ఆయన తోటి ఉద్యోగుల పిల్లలకి ఇచ్చేసి, ఎవరూ అడగనివాళ్లని అట్టిపెట్టుకునేవారట. వీళ్లని మనం చూసుకోకపోతే ఎవరు చూస్తారు అనేవారట.

కొత్త వస్తువు ఏది గడప లోపలికి వచ్చినా దానికి పసుపు పెట్టటం శశికళ గారి అలవాటు. ఇస్త్రీపెట్టెకి పెట్టారు, కారు స్టీరింగుకి పెట్టారు, టోస్టరుకి పెట్టారు. కొత్త కార్డు వస్తే, శుభలేఖకి పెట్టినట్టే, నాలుగు మూలలా తడిపసుపు. ఆయన ఒక్కరోజు కూడా వద్దనలేదు. పదేళ్లలో చెప్పులపెట్టె నిండింది. రెండు వందల పైచిలుకు ఆటగాళ్లు, అందరికీ పసుపు మూలలు.

ఒకసారి మాత్రం ఇంటికి వచ్చిన ఆఫీసు స్నేహితుడితో ఆయన నవ్వుతూ అన్నారు, ఈ మూలలతో వీటిని ఎవరూ ముట్టుకోరు అని. వంటింట్లో ఉన్న ఆవిడ చెవిలో ఆ మాట పడింది. అక్కడే ఉండిపోయింది.

1977 ఎండాకాలం వాళ్లు క్యారీలో ఇల్లు కొని మారుతున్నప్పుడు, వీధిలో అందరూ చేసినట్టే, అక్కరలేనివన్నీ గ్యారేజీ ముందు పరిచి అమ్మకానికి పెట్టారు. ఆ ఉదయం రామమోహన్ గారు తాళంచెవుల కోసం కొత్తింటికి వెళ్లారు. నీలం ట్రక్కులో వచ్చిన ఒకతను చెప్పులపెట్టె తెరిచి చూశాడు. ఎవరూ ముట్టుకోనివే కదా అనుకుని ఆవిడ డాలరుకి ఇచ్చేశారు. పైగా ఆయన వచ్చాక సంబరంగా చెప్పారు.

"ఓ, అన్నారు," అని శశికళ గారు నాకు చెప్పారు. టప్, టప్. "అంతే. ఓ. తిట్టినా బాగుండేది విద్యా. కొత్తింట్లో రేడియో పెట్టలేదు. పాడైంది అన్నారు. ఆయన ఆఫీసుకి వెళ్లాక తిప్పి చూశా. బ్రహ్మాండంగా పాడుతోంది."

ఆ తర్వాతి వారం నుంచి ఆవిడ వెతకటం మొదలుపెట్టారు. ట్రక్కు మనిషి ఎవరో కనుక్కునేసరికి అతను ఊరు వదిలాడు. పెట్టె విడిపోయి అయిదారుగురు వ్యాపారుల దగ్గరికి చేరిందని మాత్రం తెలిసింది. ఇక మిగిలింది ఒకటే దారి, ప్రతి బల్ల కిందా కూర్చోవటం. పదకొండేళ్లలో పసుపు మూలల కార్డులు నలభైమూడు దొరికాయి. కానీ ఆవిడకి కావలసింది తొమ్మిది. దుప్పటి మీద పరిచే ఆ తొమ్మిది. అందులో ఎనిమిది దొరికాయి, ఎప్పుడూ ఆ రవికెగుడ్డలోనే ఆవిడ బ్యాగులో ఉండేవి. క్యాచర్ దొరకలేదు.

క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు. మిగతా ఎనిమిదిమందీ ఒకవైపు చూస్తుంటే వాళ్లకి ఎదురుగా కూర్చుని వాళ్లవైపు చూసేవాడు అతనొక్కడే. పేరు రాయను. రాసినా ఎవరికీ తెలియదు. పళ్లమధ్య సందున్న మనిషి, ఎండకి కళ్లు చికిలించి ఉంటాడు. ఆ బొమ్మ కార్డు పెట్టెల్లో తరచూ దొరికేది. ప్రతిసారీ ఆవిడ తీసి, మూలలు చూసి, శుభ్రంగా ఉన్నాయని తిరిగి పెట్టేవారు. ఇంకోటి అలాంటిదే కదా, ఇది తీసుకుంటే ఆయనకేం తెలుస్తుంది అన్నాను ఒకసారి. ఆవిడకి కోపం రాలేదు. ముఖం అదే, కాగితం అది కాదుగా అన్నారు.

భయం ఒకటి ఉండేది ఆవిడకి. పసుపుకి వెలుతురు పడదు. గాజు కింద, ట్యూబులైటు కింద ఒక్క ఏడాది ఉంటే చాలు, పసుపు వెళ్లిపోతుంది. అప్పుడు సోడా తగిలించినా పలకదు. ఆ కార్డు ఎవరి బల్ల మీదికైనా ఎక్కిందంటే ఇక లేనట్టే. పావలా డబ్బాల చీకట్లోనే అది బతుకుతుంది. విలువలేనివాటి మధ్య, ఎవరూ వెలుతురులోకి తియ్యని చోట. అది విన్న రోజు నేను ఆ గోదామంతా మళ్లీ కొత్తగా చూశాను. బల్లల కింద ఆ అట్టపెట్టెలన్నీ నాకు మూసిన కళ్లలా కనిపించాయి.

ఈ సంగతేదీ రామమోహన్ గారికి తెలియదు. ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎనిమిది చూపిస్తే ఆయనకి లేని తొమ్మిదోదే కనిపిస్తుంది అన్నారు. నన్నూ చెప్పొద్దని మాట తీసుకున్నారు.

ఆయన మాత్రం ప్రతి శనివారం వచ్చేవారు. కారు నడిపేది ఆయనే. లోపలికి రారు. పార్కింగులో చెట్టు ఉంటే చెట్టు కింద, లేకపోతే గోడ నీడలో కారు పెట్టుకుని, అద్దం సగం దించి, మూడు గంటలూ అలా కూర్చునేవారు. రేడియో పెట్టేవారు కాదు, పుస్తకం తెరిచేవారు కాదు. దూరం నుంచి చూస్తే ఎవరో ఆయన్ని అక్కడ మర్చిపోయి వెళ్లినట్టుండేది.

1988 మే నెల. మొదట నేను తలుపు తప్పిన ఆ పొగాకు గోదామే. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక శశికళ గారు స్టీలు డబ్బా నా చేతికిచ్చి, అంకుల్ తిన్నారో లేదో, ఇచ్చి రా అన్నారు. వెళ్లాను. ఆయన పక్క సీటు మీది కాగితాలు తీసి కూర్చోమన్నారు. పులిహోర తింటూ, మీ ఆంటీకి ఈ కార్డుల సరదా పట్టింది, ఇక వదలదు, ఆవిడకి సంతోషమే, అన్నారు. మీరు ఒక్కసారైనా లోపలికి రావచ్చు కదా అన్నాను.

ఆయన చెంచా ఆపారు. చాలాసేపు గోదాము తలుపువైపు చూశారు.

"వస్తే నా చేతులు ఊరుకోవమ్మా. మా పాతవాటికోసం వెతుకుతాయి. ఆవిడ చూస్తుంది. ఇన్నేళ్లయినా ఈయనకి పోలేదా అనుకుంటుంది. వద్దు."

ఇద్దరి మధ్యా ఒక గోదాము గోడ ఉంది. ఒకే పెట్టె కోసం ఆవిడ అటు కూర్చున్నారు, ఈయన ఇటు కూర్చున్నారు. పదకొండేళ్లు. రెండువైపులా చూసిన మనిషిని నేనొక్కదాన్నే. ఆవిడకి మాట ఇచ్చాను గనక నోరు విప్పలేను.

ఆయనే మాట మార్చారు, లేదా మార్చాననుకున్నారు. ఆవిడ అమెరికా వచ్చిన రోజు కథ చెప్పారు. బస్సు దిగగానే ఎదురుగా మందులషాపులో సోడా తాగించి, మిగిలిన చిల్లరకి ఒక గమ్ పొట్లం కొన్నారట. ఇంటికి రాగానే, ఇంకా పెట్టె విప్పకుండానే, ఆవిడ చేతిసంచిలోంచి పసుపు తీసి గదిలో కనిపించినవాటన్నిటికీ పెట్టారట. పొట్లంలో వచ్చిన కార్డుకీ పెట్టారు.

"ఎటువైపు పెట్టిందనుకున్నావు? వెనకవైపు." ఆయన భుజాలు కదులుతున్నాయి. "బొమ్మవైపు కాదు. వెనక అంకెలూ, రాతలూ ఉంటాయి చూడు, అటు. రాతున్న వైపే కదా పెడతాం, అంది. శుభలేఖైనా, పద్దు పుస్తకమైనా రాతవైపే కదా. నిజమేగా. ముఖం ఇటుందే అన్నా. ఆ తర్వాతవన్నీ బొమ్మవైపు పెట్టింది గానీ, మొదటివాడికి మాత్రం వీపునే బొట్టు. మా క్యాచర్‌కి."

డబ్బా ఆయన చేతికి వదిలేసి పరిగెత్తాను.

శశికళ గారు మూడో వరసలో పీట మీద ఉన్నారు. నేను ఆయాసపడుతూ, ఆంటీ, మొదటి కార్డుకి పసుపు వెనకవైపు పెట్టారట అన్నాను. వేళ్లు కార్డుల మధ్య ఆగిపోయాయి. ఆ గోదాములో నాకు తెలిసిన చప్పుడు అదొక్కటే. అది ఆగేసరికి అంతా నిశ్శబ్దమైనట్టుంది.

వెనకవైపు అనే మాట మీద ఆవిడ నిలబడలేదు. ఆ చివరి 'ట' మీద నిలబడ్డారు.

"ఆయన చెప్పారా?"

అవునన్నాను.

"నవ్వుతూ చెప్పారా?"

నవ్వుతూనే అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి చీరచెంగుతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు. తర్వాత కళ్లు మూసుకున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. కాదు, వెతుకుతున్నారు. కార్డుల వీపులు బూడిదరంగు అట్ట. దానిమీద పసుపు కంటికి ఆనదు. అందుకే, ఆ మొదటిరోజు సంగతి తనే మర్చిపోయి, పదకొండేళ్లూ ఆవిడ ముందుమూలలు చూసి వదిలేసిన ప్రతి క్యాచర్‌నీ మళ్లీ తలుచుకోవాలి. పెదవులు కదులుతున్నాయి. గ్రీన్స్‌బరోలో మీసం గీసినవాడు, అన్నారు. బర్లింగ్టన్‌లో మధ్యకి మడత. చర్చిలో ఇద్దరు, ఒకడికి గుండుసూది కన్నం. ఎనభైరెండు చలికాలంలో నీళ్లలో పడినవాడు. పేర్లు జపించినట్టు ఒక్కొక్కరి దెబ్బలూ చెప్పుకుంటూ పోతున్నారు. ఎన్ని వేల ముఖాలు ఆ వేళ్ల కిందనుంచి వెళ్లాయో. ఒక్కటీ పోలేదు. నేను నిలబడ్డచోటే నిలబడ్డాను. మనిషి తలలో అంత చోటుంటుందని నాకు తెలియదు.

"హోలిస్," అన్నారు కళ్లు తెరిచి. "హోలిస్ అడ్డుముక్క."

పెట్టెలో ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ మధ్య గుర్తుగా వ్యాపారులు పనికిరాని కార్డుని అడ్డంగా నిలబెడతారు. పైన కాగితం అతికించి అంకె వేస్తారు. అది సరుకు కాదు గనక ఎవరూ తియ్యరు. హోలిస్ పెట్టెలో 1965కీ 66కీ మధ్య నిలబడి ఉన్నది ఆ క్యాచరే. కింది మూల మెత్తబడి ఉంటుంది, తడి తగిలిన అట్టలాగా, అన్నారు ఆవిడ. ఎన్నోసార్లు ఆవిడ వేలు దాన్ని దాటుకుని వెళ్లిందట.

మేము వెళ్లేసరికి హోలిస్ సర్దుకుంటున్నాడు. పెట్టెలు సగం ట్రక్కులోకి ఎక్కాయి. ఆవిడ అడిగింది విని ఆయన, అది అమ్మకానికి కాదు, అదుంటేనే నాకు నా సంవత్సరాలు తెలుస్తాయి అన్నాడు. తర్వాత ఆవిడ ముఖం చూశాడు. మారుమాట లేకుండా ట్రక్కులోకి ఎక్కి, మూడో పెట్టె దించి, అడ్డుముక్క తీసి ఇచ్చాడు. డబ్బు వద్దన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. పావు డాలరు ఆయన చేతిలో పెట్టి, ఊరికే వచ్చినదానికి నేను పరీక్ష చెయ్యను అన్నారు. దాని స్థానంలో పెట్టుకోమని తన దగ్గరున్న ఇంకో చిరిగిన కార్డు ఇచ్చారు.

కిటికీ దగ్గర ముగ్గురం. కార్డు బోర్లా ఉంది. బూడిదరంగు అట్ట, సన్నటి అంకెలు, ఏవో సంవత్సరాలు. పసుపు ఆనవాలు ఎక్కడా లేదు. శశికళ గారు పళ్లపుల్ల ముంచారు. గుండెకాయ ముక్కల్నీ ఊపిరితిత్తుల ముక్కల్నీ తొణక్కుండా కోసే చెయ్యి అది. మెత్తబడ్డ మూలకి తాకించారు.

ఏమీ కాలేదు.

ఒక చుక్క తడి, బూడిద మీద ఇంకాస్త బూడిద. హోలిస్ గొంతు సవరించుకున్నాడు. ఆవిడ మాత్రం కదలలేదు. రంగు పట్టించేవాళ్లకి తెలిసిన ఓర్పు అది.

అట్ట లోపలి నుంచి వచ్చింది. పైపూత మీద నుంచి కాదు, అడుగునుంచి. మందుల షాపు సోడా, బస్సు ప్రయాణం, ఒంటి కిటికీ గది, ఇరవైరెండేళ్ల చీకటి, అన్నీ దాటుకుని రావలసి ఉన్నట్టు ఆలస్యంగా వచ్చింది. గోరింటాకు చుక్కంత ఎరుపు. చుట్టూ దాని అంచు ఇంకా పాకుతోంది. ఆ మధ్యలో, కొసన, ఒక వేలిముద్ర గీతలు. ఆడమనిషి ఉంగరపువేలి ముద్ర. శశికళ గారు తన వేలు తెచ్చి దాని పక్కన పెట్టారు. తాకలేదు. పక్కన పెట్టారంతే.

హోలిస్ టోపీ తీసేశాడు. ఎందుకు తీశాడో ఆయనకీ తెలిసినట్టు లేదు.

ఈసారి ఆవిడ నిమ్మరసం వెయ్యలేదు. ఎరుపు అలాగే ఉంచి బయటికి నడిచారు. పీట నేను పట్టుకున్నాను. కారు వెనకతలుపు తీసి, సీటు మీద శాలువా పరిచి, రవికెగుడ్డ విప్పారు. ఎనిమిదిమందిని ఒక్కొక్కరినీ ఎవరి చోట వాళ్లని పెట్టారు. ముందు సీట్లోంచి రామమోహన్ గారు ఏమిటది అంటూ తల తిప్పారు. తిప్పినవారు తిప్పినట్టే ఉండిపోయారు. ఆవిడ తొమ్మిదోది పెట్టారు.

ఆ పదకొండేళ్లనాటి "ఓ" మళ్లీ వస్తుందేమోనని నేను భయపడ్డాను. ఆయన సీటు మీదుగా చెయ్యి చాపి, క్యాచర్‌ని మెల్లగా అటునుంచి ఇటు తిప్పారు. మిగతా ఎనిమిదిమందికీ ఎదురుగా ఉండేట్టు. వాడిని నువ్వు ఎప్పుడూ తిరగేసే పెడతావు అన్నారు. ఆవిడ అవునన్నారు. తర్వాత ఆయన ముందుకి తిరిగి రేడియో మీట నొక్కారు. గరగర, ఏదో పాట, ఎవరో ప్రసంగం, మళ్లీ గరగర. మీట తిప్పుతూనే ఉన్నారు. చివరికి జనం అరుపులు, వాటిమధ్య ఒక మనిషి గొంతు, ఎక్కడో ఏదో ఊళ్లో తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో నాలుగోది మొదలైందని, ఎవరో బంతిని ఆకాశంలోకి కొట్టారని చెబుతూ. శశికళ గారి వేలు తనంతట తానే శాలువా మీద ఎడమ చివర ఉన్న ఆటగాడి దగ్గరికి వెళ్లింది.

నేను పీట డిక్కీలో పెట్టి, వెళ్లొస్తానని చెప్పటానికి ఎటు నిలబడాలో తెలియక, అద్దం దగ్గర నిలబడ్డాను. ఆ నెలాఖరుకి నాకు సియాటిల్ పక్కన బాతెల్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాను. ఉత్తరాలు రాసుకుందామనుకున్నాం, రాసుకోలేదు. ఆవిడని మళ్లీ చూడలేదు. ఆ రోజు ఆవిడ వెనకసీట్లో ఒక మూలకి ఒదిగి కూర్చుని, ఆటగాళ్లకి చీర తగలకుండా కుచ్చిళ్లు పైకి లాక్కుని, తల ఎత్తకుండానే నాతో అన్నారు:

"నువ్వు వెళ్లమ్మా విద్యా. మాకింకా ఆరు ఇన్నింగ్స్ ఉన్నాయి."